మోట గిరక నుండి ఓడ కప్పీ దాకా

పానగల్ ఉదయసముద్రం కింది పొలాలకు తూముల ద్వారా నీళ్లు పారేవి. చెరువు నీరు ఎక్కని మెట్ట భూములకు మోటబావే దిక్కు. ఎడ్లు లాగే మోకు బావి గట్టున ఎత్తుగా అమర్చిన గిరక మీదుగా నడిచేది. సముద్రంలో తెరచాపను కొయ్య పైకి ఎత్తే తాడు కూడా అలాంటి గిరక మీదుగానే నడుస్తుంది. దానిని కప్పీ అంటారు. బావికైనా, ఓడకైనా ఆ చిన్న వస్తువు విరిగితే పని ఆగినట్లే. దాని స్థానంలో కొత్తది ఎవరు చేసి ఇస్తారన్న ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉన్నది.

మన పల్లెల్లో జవాబు తేలిక. పగిలిన గిరకను వడ్లాయన వద్దకు తీసుకుపోయేవారు. ఆయన దానిని ఎదురుగా పెట్టుకొని, గట్టి కర్ర చెక్కి, మోకు లావుకు సరిపడా గాడి తీసేవాడు. ఇనుప ఇరుసు కమ్మరి కొలిమిలో తయారయ్యేది. కూలి కళ్ళంలో గింజల రూపంలో ముట్టేది. ఏ రెండు గిరకలూ అచ్చంగా ఒక్క తీరున ఉండేవి కావు. అయినా పని నడిచేది.

ఓడల సంగతి కూడా చాలాకాలం ఇంతే. శాతవాహనుల సీసపు నాణేలపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. గోదావరి ముఖాన ఉన్న కోరంగి, తాళ్ళరేవులలో ఓడలు కట్టడం, బాగుచేయడం వృత్తిగా సాగింది. కోరంగిలో 1802లో మరమ్మతుల కొరకు డాక్ కట్టారు. కప్పీ కొయ్యదే గనుక, ఓడ ఏ దేశంలో తయారైనా, పాత ముక్క చూసి కొత్తది చెక్కడం వడ్రంగికి సాధ్యమే. 1839 నవంబరు 25 నాటి తుపానులో కోరంగి రేవు ధ్వంసమైంది.

ఈలోగా ఇంగ్లండులో ఒక పెద్ద మార్పు వచ్చింది. ఒక్క యుద్ధనౌకకే దాదాపు వెయ్యి కప్పీలు కావాలి. ఫ్రాన్సులో పుట్టిన మార్క్ బ్రూనెల్ రూపకల్పన చేయగా, హెన్రీ మాడ్స్‌లే యంత్రాలు తయారుచేశాడు. 1808 నాటికి పోర్ట్స్‌మత్ రేవులోని 45 యంత్రాలు ఏడాదికి 1,30,000 కప్పీలు తీశాయి. 110 మంది పనివాళ్ల పనిని పదిమంది చేశారు. ఒక్కో రకంలో అన్నీ ఒకే కొలత. లాభం గొప్పదే. కాని అప్పటినుండి విడిభాగం కార్ఖానా సొత్తు అయింది. కార్ఖానా తయారీ మానేస్తే వస్తువు దొరకదు.

నేటి తెరచాప పడవల యజమానులకు ఇదే చిక్కు. పడవ యాభై ఏండ్లు నిలుస్తుంది. కొయ్య చివరి కప్పీ చేసిన కంపెనీ అన్నాళ్లు నిలవకపోవచ్చు. అప్పుడు విరిగిన ముక్కే ఆధారం. పాత ఫైలు చూడకుండా కొత్త ఆర్డరు రాయరాదని మనకు తెలుసు గదా! తాడు లావు, గాడి వెడల్పు, ఇరుసు మందం కొలవాలి. అరిగి విరిగిందా, పగులు వచ్చి విరిగిందా చూడాలి. ఆ తరువాతే లేతు పనివాని చేత కొత్తది చేయించాలి. ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం ఒకదానికొకటి తగిలితే అల్యూమినియం తినివేయబడుతుంది. నడుమ ప్లాస్టిక్ ముక్క వేయాలి. కొయ్యను నిలబెట్టే తీగలలో ఒక్క చీల ఊడినా కొయ్యే కూలవచ్చు. కాబట్టి కొత్తదానిని ముందుగా బరువు వేసి పరీక్షించాలి.

పాత ముక్క కూడా లేకపోతే ఎంత శ్రమో కౌండిన్య అనే ఓడ చెబుతుంది. అజంతాలోని అయిదవ శతాబ్దపు చిత్రం ఆధారంగా, పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి కట్టిన ఆ ఓడను 2025 మేలో మన నౌకాదళంలో చేర్చుకున్నారు. నాటి నమూనా పటాలేవీ మిగలలేదు. కేరళ పనివారి చేతి విద్య ఇంకా బతికి ఉన్నందువల్లనే ఆ పని నెరవేరింది.

మన వైపు కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయాయి. వడ్ల, కమ్మరి పనివారి పిల్లలు వేరే బతుకుతెరువు చూసుకున్నారు. వారిని తప్పుపట్టలేము. కాని మోకు, తొండం, గిరక అన్న మాటలకు అర్థం చెప్పగలవారు మన తరంతోనే తగ్గిపోతున్నారు. పానగల్ మ్యూజియంలో శిల్పాలకు రక్షణ ఉన్నది. మన ఇండ్ల అటకల మీది విరిగిన గిరకలకు మనమే రక్షణ. దయచేసి పారవేయకండి. దాని పేరు, కొలత, అది చేసిన పని ఒక కాగితంపై రాసి మనుమల చేతికి ఇవ్వండి.