చదరంగపు గింజల లెక్క: అల్‌బీరూనీ, పావులూరి మల్లన

చదరంగపు తొలి గడిలో ఒక గింజ ఉంచి, గడిగడికీ రెట్టింపు చేస్తే 64 గడులకు 1,84,46,74,40,73,70,95,51,615 గింజలవుతాయి. భారతదేశపు ఈ ఆట పారశీకం మీదుగా అరబ్బులకు చేరింది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్‌బీరూనీ ‘అల్‌ ఆసారుల్‌ బాఖియా’లో ఈ మొత్తాన్ని గణించారు.

విజయవాడ ప్రాంతం కూడా వేంగి చాళుక్యుల ఏలుబడిలో ఉండిన కాలపు గణితకవి పావులూరి మల్లన. ఆయన పేర ప్రసిద్ధమైన పద్యం ఇదే సంఖ్యను శరమంటే ఐదు, శశి అంటే ఒకటి అను సంకేతాలతో, ఒకట్ల స్థానం మొదలుకొని ఎడమకు చెబుతుంది.

ఈ 20 అంకెల సంఖ్య బేసిదే గాని ప్రధాన సంఖ్య కాదు. 3, 5, 17, 257, 641, 65537, 6700417ల లబ్ధం. వీటిలో 641ని 1732లో ఆయిలర్ బయటపెట్టాడు.

ఎవరు ఎవరి వద్ద నేర్చారను వాదం ఇక్కడ అనవసరం. అరబీలో గుణించినా, తెలుగులో గుణించినా, తప్పు చేయనివారికి జవాబు ఒక్కటే.