డబ్బు సర్కారుది, బడి సంస్థది, మరి అడిగేదెవరు?



మన సదుం నుంచి మదనపల్లెకు డిగ్రీకి పోయేవాళ్లకు బీటీ కాలేజీ తెలుసు. 1915లో అనీబిసెంట్ పెట్టిన కాలేజీ. 1919లో ఠాగూర్ వచ్చి జనగణమనను ఇంగ్లీషులో రాసింది ఇక్కడే అని గొప్పగా చెప్పుకుంటాం. అంతకు రెండేళ్ల ముందు జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. హోంరూల్ రాజకీయాల కారణంగా 1917లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆ కాలేజీ గుర్తింపు తీసేసింది. అనీబిసెంట్ అంతటామె నడిపే సంస్థనే అట్లా పట్టుకోగలిగారు.

సంస్థల బడులకు సర్కారు డబ్బిచ్చే పద్ధతి 1854 నాటి వుడ్ డిస్పాచ్‌తో మొదలైంది. డబ్బు తీసుకుంటే తనిఖీకి ఒప్పుకోవాలి, అదీ షరతు. రూలు మంచిదే. కాకపోతే ఆ తనిఖీ కన్ను ఎవరి మీద పెట్టారన్నదే నా ప్రశ్న.

అవే ఏళ్లలో, అదే మద్రాసు రాష్ట్రంలో, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం చూడండి. 1911 నేరస్థ తెగల చట్టం కింద మన ఎరుకల వాళ్లను అక్కడ సెటిల్మెంటులో పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ, డబ్బిచ్చింది ప్రభుత్వం. కావలిలో ఇట్లాంటిదే అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడిలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. తల్లిని అడగాల్సిన పని లేదు!

అక్కడ నాలుగు అక్షరాలు నేర్చుకున్నవాళ్లు లేరా అంటారు. ఉన్నారు, కాదనను. కానీ హాజరు చెప్పుకోవాల్సింది మనవాళ్లు. మేనేజర్ మనవాళ్లకు జవాబు చెప్పాలని చట్టంలో ఎక్కడా లేదు. మదనపల్లెలో సంస్థ మీద నిఘా, స్టూవర్టుపురంలో సంస్థ చేతికే నిఘా.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. బడిలో అమ్మానాన్నలకు దేశమంతటా చట్టంగా చోటు మాత్రం 2009 విద్యాహక్కు చట్టంతోనే వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. బలహీన వర్గాల వాళ్లకు వాళ్ల సంఖ్యను బట్టి చోటివ్వాలి. గ్రాంటు ఎట్లా ఖర్చయిందో కమిటీ చూడొచ్చు.

అయితే 2012లో ఒక సవరణ తెచ్చారు. ఎయిడెడ్ బడుల్లో, మైనారిటీ బడుల్లో ఈ కమిటీ సలహా మాత్రమే చెప్పాలట. అంటే సర్కారు డబ్బుతో సంస్థ నడిపే బడిలోనే అమ్మానాన్నల మాటకు బలం తగ్గించారు. నాకైతే ఇది పాత వాసనే కొడుతోంది.

మన తండాల్లో, ఎరుకల కాలనీల్లో, యానాది గుడిసెల్లో ఈ కమిటీల్లో ఉన్న అమ్మలు ఎవరైనా ఉంటే కింద రాయండి. ఏ బడి, మీటింగు ఎప్పుడు పెట్టారు, లెక్కల పుస్తకం చూపించారా లేక ఉత్త సంతకం పెట్టించుకున్నారా, అది కూడా.