చేప తలకాయ, కోడి పేగు: ఎర దాటిన దూరం

కాటేదాన్ పారిశ్రామికవాడ శంషాబాద్ విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపే ఉంది. ఈ పది కిలోమీటర్ల లెక్కకు చట్టంలో ఒక విలువ ఉంది. 1937 నాటి విమాన నియమావళిలోని 91వ నియమం ప్రకారం, విమానాశ్రయం కేంద్ర బిందువు నుంచి పది కిలోమీటర్ల వ్యాసార్ధంలో అనుమతి లేకుండా పశువులను కోయకూడదు, తోలు ఒలవకూడదు, గద్దల వంటి పక్షులను రప్పించే చెత్త పారబోయకూడదు. ఆ చెత్త ఎక్కడెక్కడి నుంచి వస్తుందో కూడా ఆ నియమం పేరు పెట్టి చెప్పింది: హోటళ్లు, మాంసం దుకాణాలు, చేపల దుకాణాలు, ఎముకల మిల్లులు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్‌కు తరలడంతో, అంతవరకూ బేగంపేట వలయానికి బయట ఉన్న కాటేదాన్ ఈ కొత్త వలయంలోకి వచ్చింది. అప్పటి నుంచి ఇక్కడ చేపను శుభ్రం చేసి పక్కన పడేసిన తలకాయ, మొప్పలు, పేగులు విమాన భద్రతకు సంబంధించిన వస్తువులయ్యాయి. ఆశ్చర్యం ఏమిటంటే, చేపల కోసమే రాసుకున్న మన పాత చట్టాలకు ఈ తలకాయ, పేగులు పట్టలేదు. ఎందుకు పట్టలేదో, ఆ ఊసెత్తకపోవడం ఎంతకాలం మేలు చేసిందో, ఎప్పటి నుంచి కీడు చేయడం మొదలుపెట్టిందో చూస్తే, చేపల వ్యర్థాల గురించి ఇవాళ మనం రాసుకోవాల్సిన నిబంధన ఎలా ఉండాలో తేలుతుంది.

1897 నాటి భారత మత్స్య చట్టం చిన్నది. నీళ్లలో డైనమైట్ పేల్చి చేపలను చంపితే, విషం కలిపి చంపితే, రెండు నెలల దాకా జైలు, లేదా రెండు వందల రూపాయల దాకా జరిమానా. ఆపైన ప్రభుత్వం నియమాలు చేసుకోగల విషయాలు కొన్ని: నీటిలో పాతి ఉంచే సాధనాలు, అడ్డుకట్టలు, వలల రకం, వల కన్నుల కొలత. ఎర మాట ఎక్కడా లేదు. నిజాం పాలన చివరి ఏళ్లలో, 1356 ఫసలీలో, అంటే 1946-47 ప్రాంతంలో, తెలంగాణకు విడిగా ఒక మత్స్య చట్టం వచ్చింది. కోస్తాకు 1994లో సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వచ్చింది. ఇవాళ తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం అమలవుతోంది. వందేళ్లకు పైగా మన నిబంధనలన్నీ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగాయి: దేంతో పడుతున్నావు, ఎప్పుడు పడుతున్నావు, ఎక్కడ పడుతున్నావు. ఏం వేసి పడుతున్నావు అని అడిగిన వాళ్లు లేరు.

దీన్ని పాలకుల మతిమరుపు అని కొట్టిపారేయలేం. అడగాల్సిన అవసరం అప్పటికి రాలేదు. పులికాట్ సరస్సులోనో, కృష్ణ సముద్రంలో కలిసే పాయల్లోనో, కోరంగి మడ అడవుల కాలువల్లోనో మండపీతల వేట ఎలా సాగుతుందో చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. ఇనుప చట్రానికి వల బిగించిన బుట్ట ఒకటి ఉంటుంది. దాని నడుమ చేప తలకాయనో, అమ్ముడుపోని చిల్లర చేప ముక్కనో తాడుతో గట్టిగా కట్టాలి. వదులుగా కడితే పీత తన పెద్ద గోరుతో తుంచుకుని పోతుంది. మెత్తని చేప అయితే రెండు గంటల్లో నీళ్లలో విడిపోతుంది. అందుకే తోలు గట్టిగా ఉండే చేపను, ఎముక నిండుగా ఉండే తలకాయను ఏరుకుంటారు. పీత కంటితో కంటే వాసనతోనే ఎక్కువ వెతుక్కుంటుంది, అదీ చీకటి పడ్డాక. ఈ పనికి కావలసిన ఎర ఒక బుట్టకు ఒక గుప్పెడు. అది వచ్చేది అదే పడవలో పడిన చేప నుంచి, అదే పాయలోంచి. మిగిలింది మళ్లీ ఆ నీటికే పోతుంది, పీత తిన్నా, మరో చేప తిన్నా, బురదలో కలిసినా. తెలంగాణ చెరువుల కింద, వరి మళ్ల గట్ల మీద ఎండ్రకాయల కోసం వేసే ఎరదీ ఇదే తీరు. ఏ నీటి మిగులు ఆ నీటికే చేరినంత కాలం, ఎంత మిగిలిందో, ఎటు పోయిందో చట్టం లెక్క రాసుకోనక్కర్లేకపోయింది.

వేరే దేశాల్లో ఎరను నియంత్రించిన చోట కూడా ఇదే తర్కం కనిపిస్తుంది. అలాస్కాలో వినోదం కోసం పట్టిన సాల్మన్ వంటి చేపను ఎరగా వాడకూడదు, తినదగిన మాంసం వృథా కాకూడదని. అయితే చట్టబద్ధంగా పట్టిన చేప తలకాయ, తోక, రెక్కలు, లోపలి భాగాలు ఎరగా వాడుకోవచ్చు. తినే భాగానికీ, తినని భాగానికీ మధ్య గీత గీసి, తినని భాగాన్ని జాలరికే వదిలేశారు. మన కోస్తా జాలరి చట్టం చెప్పకుండానే ఆ గీత పాటిస్తూ వచ్చాడు. చేప అమ్ముడుపోయేదైతే ఎరగా కట్టడు, ఆ స్తోమత అతనికి లేదు.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం ఉంది. సొంత నీటి ఎర అయినంత మాత్రాన అది నిరపాయమని ఎలా అనగలం? 1994-95 నాటికి కోస్తా రొయ్యల చెరువుల్లోకి తెల్లమచ్చ తెగులు వచ్చింది. నెల్లూరు ప్రాంతంలో రొయ్యల మీద పెట్టిన పెట్టుబడులు కళ్లముందే కొట్టుకుపోయాయి. ఆ తెగులు తెచ్చే వైరస్ రొయ్యను చంపుతుంది. మండపీత మాత్రం చాలాసార్లు దాన్ని ఒంట్లో మోస్తూనే బతుకుతుంది. తెగులు సోకి అమ్ముడుపోని రొయ్య తలకాయలను కాలువలో పీతల బుట్టకు కడితే, అదే కాలువ నీటిని తోడుకునే పక్క చెరువుకు తెగులు చేరే దారి ఏర్పడుతుంది. ఆస్ట్రేలియా అనుభవం దీనికి బలం చేకూరుస్తుంది. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నది ఒడ్డు రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చ తెగులు కనిపించింది. బయటి దేశం నుంచి వచ్చిన పచ్చి రొయ్యలను జనం గాలాలకు ఎరగా వాడటమే దారి అయి ఉండవచ్చని అనుమానించారు. 2017 జనవరిలో ఆ దేశం పచ్చి రొయ్యల దిగుమతిని ఆపేసింది. కాబట్టి అభ్యంతరం సరైనదే. కానీ అది నా వాదాన్ని తోసిపుచ్చడం లేదు, పదును పెడుతోంది. క్వీన్స్‌లాండ్‌లో భయపెట్టింది సముద్రాలు దాటి వచ్చిన ఎర. నెల్లూరులో భయపెట్టాల్సింది చెరువు గట్టు దాటి కాలువలోకి వచ్చిన ఎర. పెంచిన ప్రాణి కళేబరం సహజ నీటిలోకి వస్తే అది గజం దూరమైనా దాటినట్టే. పాయలో పట్టిన చేప తల అదే పాయలోకి పోతే ఏ గట్టూ దాటలేదు. పీతల వేటకు నిబంధన రాయాలంటే ఈ ఒక్క వాక్యం చాలు: చెరువులో పెంచిన రొయ్య తలను కాలువలో ఎరగా కట్టకూడదు. తక్కినదంతా జాలరికి వదిలేయవచ్చు.

అసలు కథ మలుపు తిరిగింది పీతల బుట్టల దగ్గర కాదు, కొల్లేరు దగ్గర. 1976లో ప్రభుత్వం కొల్లేటి గ్రామాల్లో సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వుకునేందుకు వీలిచ్చింది. ఆ చెరువుల్లో పెరిగింది బొచ్చె, రోహు, మోసు. పైనీళ్ల చేప, నడిమి నీళ్ల చేప, అడుగున తిరిగే చేప. వాటికి మేత తవుడు, వేరుశెనగ చెక్క. ఇవి కుళ్లిన మాంసం వేస్తే బతికే చేపలు కావు. మాంసం కుళ్లుతుంటే నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది, తెల్లవారేసరికి చేపలు నోరు పైకెత్తి తేలతాయి. రైతుకు అది తెలుసు కాబట్టి వేసేవాడు కాదు, ఎవరూ నిషేధించనక్కర్లేకపోయింది. 1990ల నడుమ బంగ్లాదేశ్ మీదుగా బెంగాల్‌కు, అక్కడి నుంచి మన వైపుకు మరో చేప వచ్చింది. జనం దాన్ని ఫంగస్ అంటారు. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుని బతకగలదు. ఆఫ్రికా నుంచి వచ్చిన క్యాట్‌ఫిష్ కూడా అంతే, ఊపిరి పీల్చేందుకు దానికి ప్రత్యేకమైన అవయవమే ఉంది. ప్రాణవాయువు లేని నీటిలో బతికే చేపలు వచ్చాక కుళ్లిన మాంసం మేతగా పనికొచ్చింది. ఇది ఎవరి దుర్బుద్ధితోనో మొదలైందని నేను అనను. నగరాల్లో కోడి మాంసం వాడకం పెరిగి, దుకాణాల వెనక తలలు, కాళ్లు, పేగులు, ఈకలు గుట్టలుగా మిగిలాయి. ఇటు తిండి కోసం నోరు తెరిచిన చేప ఉంది. రెండింటినీ కలిపింది ప్లాస్టిక్ డ్రమ్ము, టార్పాలిన్ కప్పిన వ్యాను, రాత్రిపూట ఖాళీగా ఉండే జాతీయ రహదారి.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మిగిలిన చెరువులను ధ్వంసం చేయమంది. అయినా హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాల్లో క్యాట్‌ఫిష్ చెరువుల మీద దాడుల వార్తలు వస్తూనే ఉన్నాయి. ఆంధ్రలో కోళ్ల వ్యర్థాలను చేపల చెరువులకు వేయడం నిషేధం. ఏలూరు, కృష్ణా జిల్లాల దారుల్లో వ్యర్థాల వాహనాలను పోలీసులు పట్టుకుంటున్నారు. 2020లో చేపల మేత నాణ్యతపై ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం చేసింది. మొత్తం మీద ఒక సంగతి స్పష్టం. పాతకాలంలో ఏమీ అడగని ప్రభుత్వం ఇప్పుడు అడుగుతోంది, కానీ చివరి మజిలీలో అడుగుతోంది. డ్రమ్ము వందల కిలోమీటర్లు వచ్చాక చెరువు గట్టున రైతును పట్టుకుంటోంది.

చిన్న రైతు తరఫున వినిపించే మాటను తేలిగ్గా తీసుకోకూడదు. కంపెనీ మేత బస్తా ధర చేప ధరను మించి పరుగెడుతుంటే, దాదాపు ఊరికే వచ్చే వ్యర్థాన్ని వద్దనడం అతనికి కష్టం. పీత కుళ్లినదే తింటుంది, దానికి చేప తల కట్టొచ్చు గానీ చేపకు కోడి పేగు వేయకూడదా అని అతను అడిగితే, జవాబు చెప్పాలి. తేడా తినే ప్రాణిలో లేదు, పరిమాణంలో, నీటిలో, దూరంలో ఉంది. గుప్పెడు ఎర ఆటుపోట్ల నీటిలో చెదిరిపోతుంది. టన్ను పేగులు కదలని చెరువులో మిగిలిపోయి, నీరు మార్చినప్పుడు కాలువకు, అక్కడి నుంచి కొల్లేటికి చేరతాయి. ఏ దుకాణంలో ఏ కోడి ఏ జబ్బుతో చచ్చిందో డ్రమ్ము చెప్పదు. అయితే రైతు అడిగిన దాంట్లో న్యాయం ఉంది: మాంసకృత్తులు ఉన్న వస్తువును పారబోయడం కూడా వృథాయే. దానికి దారి వేడిలో ఉడికించి, కొవ్వు తీసి, ఆరబెట్టి, పొడి చేయడం. పచ్చి వ్యర్థం మేతగా మారే మార్గం ఆ వేడి గుండా ఉంది. అయితే వేడి ఒక్కటే చాలదన్నది బ్రిటన్‌లో 1986లో పిచ్చి ఆవు జబ్బు బయటపడ్డాక యూరప్ నేర్చుకున్న పాఠం. అక్కడి 2009 నాటి 1069వ నిబంధన జంతు వ్యర్థాలను ప్రమాదాన్ని బట్టి మూడు తరగతులుగా విడగొట్టింది. పెంచిన చేప మాంసకృత్తులను అదే జాతి పెంపకపు చేపకు పెట్టొద్దంది. అన్నిటికంటే ముఖ్యంగా, సరుకు బయల్దేరిన చోటే కాగితం పుట్టాలంది, ఆ కాగితం సరుకు వెంట నడవాలంది.

ఇక కాటేదాన్ విషయంలో ఏ నీటి మిగులు ఆ నీటికే అన్న సూత్రం కూడా చాలదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్ వంటివి మితిమీరి ఉన్నాయని తేల్చారు. వాడను ఆనుకున్న నూర్ మహమ్మద్ కుంట ఏళ్ల తరబడి ఫ్యాక్టరీల మురుగును మోసింది. భారలోహాలు చేప కండలో కంటే కాలేయంలో, మూత్రపిండంలో, మొప్పల్లో ఎక్కువగా పేరుకుంటాయి. అంటే మనిషి తినకుండా పక్కన పడేసే భాగంలోనే విషం ఎక్కువ. అలాంటి నీటి చేప పేగులను ఎరగా వేసినా, మేతగా వేసినా, ఎండ్రకాయ గుండా తిరిగి మన పళ్లెంలోకే వస్తుంది. కుంటలో చేపలు పట్టే వాడి తప్పు ఇందులో లేదు, మురుగు వదిలిన వాడిదే. కానీ నిబంధన రాసేటప్పుడు ఈ నిజాన్ని పక్కన పెట్టలేం: పారిశ్రామిక మురుగు చేరిన నీటి చేప వ్యర్థాన్ని ఎరకూ, మేతకూ పంపకూడదు, కాల్చివేయాలి లేదా భద్రంగా పూడ్చాలి.

విమాన నియమానికి ఉన్న ఒక సుగుణం మత్స్య నిబంధనలకు కూడా రావాలి. గద్దను పట్టుకోవడం సాధ్యం కాదని దానికి తెలుసు, అందుకే మాంసం పడేసే చోటును లెక్కలోకి తీసుకుంది. అదే చూపుతో తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలు కలిసి కూర్చుని పని మొదలుపెట్టాలి. ప్రతి కోడి దుకాణం, ప్రతి చేపల మార్కెట్ రోజూ ఎన్ని కిలోల వ్యర్థం ఇచ్చిందో, ఎవరికి ఇచ్చిందో రాసే పుస్తకం ఉండాలి. అది ఉడికించే కేంద్రానికి తప్ప మరెక్కడికీ వెళ్లకూడదు. ఉడికించిన పొడిని రైతుకు అందుబాటు ధరకు ఇవ్వాలి, లేకపోతే రాత్రి వ్యాను ఆగదు. పులికాట్‌లో, కోరంగిలో బుట్టకు చేప తలకాయ కట్టుకునే జాలరిని ఈ నిబంధనలోంచి స్పష్టంగా మినహాయించాలి. ఆ మినహాయింపు రాయకుండా జిల్లా అధికారి విచక్షణకు వదిలేస్తే, వ్యాను యజమాని తప్పించుకుంటాడు, బుట్టవాడు జరిమానా కడతాడు.

ఈ పని మొదలు కావాల్సింది కొల్లేటి పక్కనున్న కైకలూరు చెరువు గట్ల మీద కాదు. కాటేదాన్, రాజేంద్రనగర్, శంషాబాద్ వైపు దుకాణాల వెనక, తెల్లవారుజామున డ్రమ్ములు వ్యాను ఎక్కే చోట మొదలు కావాలి.