బొబ్బిలి బురుజులమీద నిలిచినవారు

1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి మట్టికోటలో జరిగిన పోరాటమును గూర్చి వినని తెలుగువాడు అరుదు. అయినను ఆనాడు బురుజులమీద నిలిచి నేలకొరిగినవారిలో ఇద్దరు ముగ్గురి పేర్లు తప్ప తక్కినవి మన నోట పలుకవు. బొబ్బిలివారిలో అందరికంటె మిన్నగా కీర్తి గడించిన తాండ్ర పాపయ్యయో, ఆ దినమున ఆ కోటలోనే లేడు.

కలహమునకు కారణములలో నొకటి నీరు. 1753లో నైజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి వశము చేసిన పిమ్మట, విజయనగర ప్రభువగు పూసపాటి పెద విజయరామరాజు వారి పక్షమున సర్కారుల శిస్తు వసూలునకు ఇజారా పొంది, ఫ్రెంచి సేనాని బుస్సీకి ఆప్తుడై, వాగుల నీటిని బొబ్బిలివారు తమ పొలములకు మళ్ళించుకొనుచున్నారను పాత పగను పరుల ఫిరంగులతో తీర్చుకొన సమకట్టెను. బొబ్బిలిని విడిచి, అంతే విలువగల భూములను వేరొకచోట తీసుకొనుమని బుస్సీ కబురంపగా, తాతలనాటి స్థానమును వీడుట అవమానమని యెంచి బొబ్బిలి ప్రభువగు వెలమదొర రంగారావు సమ్మతింపలేదు. ఇంతలో బొబ్బిలి సీమ మీదుగా పోవుచున్న ఫ్రెంచి సిపాయిలపై దాడి జరిగి కొందరు మడియుటయు, ఆ నేరమును విజయరామరాజు రంగారావుపై మోపుటయు సంభవించినవి. ఆపైన రాయబారములకు తావు లేకపోయెను.

నాలుగు మూలల నాలుగు బురుజులు, నడుమ మట్టిగోడలు, లోపల కొలదిమంది భటులు, వారి భార్యాబిడ్డలు. వెలుపల ఫ్రెంచి ఫిరంగులును, వేలకొలది విజయనగర సైన్యమును. తెల్లవారగనే నాలుగు బురుజులపైనను ఒక్కమారే గుండ్లు కురిసినవి. తొమ్మిది గంటలవేళకు గోడల తలములు కొంత విరుగగా శత్రువులు నిచ్చెనలు వేసి ఎగబ్రాకిరి. పైకెక్కిన వారినెల్ల లోపలివారు ఈటెలతోడను తుపాకులతోడను క్రిందికి త్రోయుచుండగా, గంటసేపు పోరినను ఒక్కడును గోడ దాటి లోపలికి దిగలేకపోయెను. బుస్సీ తన జనమును వెనుకకు పిలిచి మరల ఫిరంగులను పలికించెను. ఆ విరామములోనే రంగారావు, కోట నిలువదని గ్రహించి, స్త్రీలను శిశువులను శత్రువుల చేత చిక్కనీయక చంపవలసినదని ఆజ్ఞాపించెను; ఇండ్లకు నిప్పు పెట్టిరి; బయటికి రాబోయిన వారిని తమవారే పొడిచిరి. ఆ పని ముగించి పురుషులు మరల గోడలమీదికి వచ్చిరి. మధ్యాహ్నము రెండు గంటలు దాటిన పిదప రంగారావు తుపాకి గుండు తగిలి కూలగా, మిగిలినవారు శరణు వేడక తుదివరకు పోరి చచ్చిరి.

ఈ వృత్తాంతమును గ్రంథస్థము చేసిన వారిలో ప్రముఖుడు ఇంగ్లీషు కంపెనీ చరిత్రకారుడగు రాబర్ట్ ఆర్ము. ఫ్రెంచివారికి ప్రతిపక్షి యైన జాతివాడగుటచే వారి సాహసమును పొగడవలసిన అగత్యము ఆయనకు లేకపోవచ్చును గాని, ఓడిన తెలుగువారి ధైర్యమును అంత శ్రద్ధగా వర్ణించుటకును ఏ నిర్బంధమును లేదు. కావున ఆ గౌరవము ఆయన మనస్ఫూర్తిగా ఇచ్చినదే యని నా నమ్మకము.

ఆర్ము వ్రాతకంటె వేయిరెట్లు ఎక్కువగా ఈ కథను బ్రతికించినవారు జంగములు. భుజమున తంబుర, వ్రేళ్ళకు అందెలు, ప్రక్కల గుమ్మెటలతో వంతపాడు ఇద్దరు, వారి యెదుట దీపము చుట్టును చేరిన ఊరి జనము: రాత్రి తెల్లవార్లు సాగు ఆ కథలో శ్రోతలు ఆగి ఆగి వినునది పాపయ్య ఘట్టమును. యుద్ధమైన మూడవనాటి రాత్రి విజయరామరాజు గుడారములో చొరబడి పాపయ్య మొదలగువారు ఆయనను పొడిచి చంపిరి. శరీరమున 32 గాయములుండెనట. పగ తీరనిచో పాట ముగియుట కష్టము. గోడమీద చచ్చినవారితోనే కథ నిలిచిన యెడల వినువానికి తృప్తి యుండదు. ఈ కారణముననే ప్రతీకారము చేసినవాడు నాయకుడయ్యెను, నిలిచి చచ్చినవారు అతనికి పూర్వకథయైరి. 1891లో బొబ్బిలి సంస్థానాధీశులు యుద్ధభూమిపై నిలిపిన రాతిస్తంభము మాత్రము ఆ పోరు జరిగిన నేలను చూపుచున్నది. దానిపై అందరి పేర్లు ఉండవలసిన దన్నచో, ఆ పట్టిక ఎవరివద్ద నున్నది?

ఆ దహనములో పోయిన స్త్రీల విషయమున నా మనస్సు సమాధానపడదు. పాటలు వారిని పౌరుష నిధులుగా కీర్తించుచున్నవి. వారిలో ఎందరు తమంతట మరణమును కోరుకొనిరో, ఎందరు వెరచి పారిపోబోయిరో పాట చెప్పదు. చంటిబిడ్డను అడిగినవారు లేరుగదా! పోరిన వారికి మ్రొక్కుచు ఈ భాగమును కూడ మ్రొక్కుబడిలో చేర్చుట న్యాయము కాదని నాకు తోచును.

ఒక్క బాలుడు మిగిలెను. ఒక వృద్ధుడు అతనిని చేతపట్టుకొని ఫ్రెంచి శిబిరమునకు వచ్చి, ఇతడు రంగారావు కుమారుడని అప్పగించెను. ఆ బాలుడు, చిన రంగారావు, పెరిగి పెద్దవాడై, చెర అనుభవించి, పరదేశమున తిరిగి, 1794లో కంపెనీవారి వలన బొబ్బిలిని మరల పొందెను. పొందుటకు కారణమైనది విజయనగరము పతనమే: ఆ యేటి జూలై 10న పద్మనాభము వద్ద విజయనగర ప్రభువు చిన విజయరామరాజు, కంపెనీ సైన్యమునకు లొంగక, తన రాజపుత్ర బంధువులతో నిలిచి, గంటయైనను గడవకముందే వారందరి నడుమ కూలెను. బొబ్బిలిపై ఫిరంగులు తెచ్చిన వంశమునకు బొబ్బిలివంటి దినమే వచ్చినది. అయినను బొబ్బిలికి పాడిన జంగములలో పద్మనాభమునకు పాడువారు మిక్కిలి తక్కువ.