లబ్ధిదారుల జాబితా నుంచి గడప దాకా

హైదరాబాద్‌లో సర్కారు తానే పూనుకొని జనానికి ఇళ్లు కట్టించే పద్ధతి 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తర్వాత మొదలైంది. వేలమంది ప్రాణాలు తీసి, ఒడ్డు వెంట ఉన్న బస్తీలను ఊడ్చుకుపోయిన ఆ వరద తర్వాత నిజాం ప్రభుత్వం రెండు పెద్ద పనులు తలకెత్తుకుంది. నగరాన్ని చక్కదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును నెలకొల్పడం మొదటిది; ఉర్దూలో దాన్ని ఆరాయిష్-ఎ-బల్దా అనేవారు. వరదను ఎగువనే నిలవేయడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌నూ, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్‌నూ కట్టడం రెండోది. మొదటి పని నుంచి నగరంలో ప్రభుత్వ గృహనిర్మాణం పుట్టగా, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్, దాదాపు 70 ఏళ్ల తర్వాత, తన పక్కనే ఉన్న శంషాబాద్‌లో ఎన్ని ఇళ్లు లేవవచ్చునో నిర్ణయించే కారణాల్లో ఒకటైంది. ఈ ప్రాంతంలో వికలాంగులకూ, ఏళ్లతరబడి జబ్బుతో కాలం వెళ్లదీసేవారికీ తగిన ఇల్లు దొరకడం ఎందుకింత కష్టమైందో తెలియాలంటే ఈ రెండు పాయలనూ కలిపి చూడాలి.

ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లను, మురుగు నిలవని వీధులను ఏర్పరిచింది. ప్లేగు, కలరా వంటి అంటువ్యాధులు నగరాన్ని పదేపదే కుదిపిన ఆ రోజుల్లో మంచి ఇల్లంటే రోగం రాకుండా కాచే ఇల్లు. అప్పటికే రోగం వచ్చినవారికి ఏర్పాట్లు ఊరి బయట జరిగాయి. అంటురోగులను వేరుగా ఉంచే కోరంటి దవాఖాన, 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్థాపించిన కుష్ఠు ఆసుపత్రి, వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లోని క్షయ శానిటోరియం, అంటే మంచి గాలిలో నెలల తరబడి ఉంచి చికిత్స చేసే ఆశ్రయం, ఇవన్నీ ఆ కోవలోవే. 1958లో రాణి కుముదినీదేవి కూకట్‌పల్లిలో నెలకొల్పిన శివానంద పునరావాస కేంద్రం కుష్ఠురోగులకు చికిత్సతో పాటు నివాసాన్నీ, పనినీ ఇచ్చింది. సమాజం గడప తొక్కనివ్వని మనుషులకు ఇల్లు చూపిన ఆ సంస్థల సేవ నిజంగా గొప్పది. అయితే ఆరోగ్యవంతులకు ఇల్లు కట్టడం ప్రభుత్వ బాధ్యత, రోగికీ వికలాంగుడికీ నీడ కల్పించడం దయగలవారి పని అనే విభజన ఆ కాలంలోనే స్థిరపడింది, దాని జాడ నేటి పథకాల్లోనూ కనిపిస్తుంది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో హౌసింగ్ బోర్డు, 1979లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, బలహీనవర్గాల కాలనీలు, ఇందిరా ఆవాస్ యోజన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇంటి పథకాల్లో వికలాంగుల ప్రస్తావన నిలదొక్కుకున్నది 1995 నాటి వికలాంగుల చట్టంతోనే. ఇళ్ల స్థలాలను రాయితీ ధరకు, ప్రాధాన్యంతో వారికి కేటాయించాలని ఆ చట్టం చెప్పింది. ఇందిరా ఆవాస్‌లో 3 శాతం వారికి ప్రత్యేకించారు. 2016 చట్టం ఆ వాటాను 5 శాతానికి పెంచి, అందులో స్త్రీలకు ప్రాధాన్యమిచ్చి, గుర్తించే వైకల్యాలను ఏడు నుంచి ఇరవై ఒకటికి విస్తరించింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు, పార్కిన్సన్స్ వంటి దీర్ఘకాలిక నరాల జబ్బులు అలా తొలిసారి చట్టం పరిధిలోకి వచ్చాయి. అయితే రిజర్వేషన్ దక్కాలంటే వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు. ఆ శాతాన్ని తేల్చేది జనం సదరం సర్టిఫికెట్ అని పిలుచుకునే ధ్రువపత్రం.

చట్టం ఇలా విస్తరిస్తున్న కాలంలోనే శంషాబాద్ స్వరూపం మారిపోయింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996 మార్చిలో ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. శంషాబాద్ మండలంలోని అనేక గ్రామాలు దాని కిందికి వచ్చాయి. నీటిని కాపాడడానికి అది అవసరమైన నిర్ణయమే, కానీ అక్కడ పేదలకు పెద్ద ఎత్తున ఇళ్లు కట్టే వీలును కూడా అది తగ్గించింది. ఆ తర్వాత శంషాబాద్‌లో దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వెలసి, 2008 మార్చిలో మొదలైంది. దానితో పాటు ఔటర్ రింగు రోడ్డు, ఎత్తయిన ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాయి, భూమి ధర, దాని వెంట అద్దె పెరిగాయి. విమానాశ్రయంలో శుభ్రం చేసేవారు, సామాన్లు మోసేవారు, బండ్లు నడిపేవారు చుట్టుపక్కల ఒంటిగది అద్దె ఇళ్లలో చేరారు. ఇదే మండలంలోని ముచ్చింతల్‌లో చూపులేని విద్యార్థులు ఉండి చదువుకునే నేత్ర విద్యాలయం ఉంది. చదువు ముగించి ఉపాధి వెతుక్కునే ఆ యువతకు కూడా తర్వాతి గూడు అద్దె ఇల్లే.

2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన డబుల్ బెడ్రూం పథకం కింద నగరానికి లక్ష ఇళ్లు సంకల్పించగా, 7 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. నగరంలో స్థలం దొరకక కాలనీలు శివార్లకు తరలాయి. విమానాశ్రయానికి ఆగ్నేయంగా మంఖాల్‌లో రెండు వేలకు పైగా ఇళ్లతో లేచిన కాలనీ వాటిలో ఒకటి; 2023లో వాటి కేటాయింపు జరిగినప్పుడు అవి ఎక్కువగా నగరవాసులకే చెందాయి. ఒక్కో ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు అందులోనే ఇమడాలి. ఆరోగ్యవంతులైన కుటుంబానికి, ఇరుకు గదుల జీవితం తర్వాత, అది నిజమైన ఊరట.

చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి అదే ఇంటి కొలతలు వేరుగా కనిపిస్తాయి. మన ఇళ్లలో మరుగుదొడ్డికి సాధారణంగా రెండున్నర అడుగుల తలుపు పెడతారు. చట్రమూ తలుపు మందమూ పోగా మిగిలే సందులో, రెండడుగులకు పైబడిన వెడల్పుగల కుర్చీ దూరినా, చక్రాలు తిప్పే చేతులకు చోటుండదు. లోపలికి చేరినా కుర్చీ తిప్పుకోవడానికి జాగా ఉండదు. పసుపు రాసి బొట్లు పెట్టుకునే గడప కూడా కుర్చీకి అడ్డుగోడే. అందుకే కేంద్రం వెలువరించిన నిర్మాణ ప్రమాణాలు తలుపుకు 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలనీ, ర్యాంపు, అంటే మెట్లకు బదులు వేసే ఏటవాలు దారి, ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున సాగాలనీ చెబుతాయి. 5 శాతం వాటా పెట్టిన చట్టంలోని సెక్షన్ ఇల్లు ఏ అంతస్తులో ఉండాలో, తలుపు ఎంత ఉండాలో చెప్పదు. పై అంతస్తులో ఇల్లు వచ్చినవారికి లిఫ్టు ఆగిన రోజున ఇల్లే నిర్బంధమవుతుంది. కేంద్రం వెలువరించిన ఆ నిర్మాణ ప్రమాణాలను పాటించడం ఐచ్ఛికమన్నట్టుగా ఉన్న 2017 నిబంధన చట్టానికే విరుద్ధమని రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమంది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్ శివారు శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రమే.

దీర్ఘరోగుల పరిస్థితి ఇంకా కష్టం. కిడ్నీలు దెబ్బతిని వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవారి జబ్బు 2016 చట్టపు జాబితాలో లేదు. 2022లో ఆసరా పింఛను వారికీ వర్తింపజేశారు, బోదకాలు బాధితులకు అంతకుముందే ఇచ్చారు. జబ్బును పింఛనుకు అర్హతగా గుర్తించిన ప్రభుత్వం అదే జబ్బును ఇంటికి అర్హతగా గుర్తించకపోవడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు. వీరికి తలుపు వెడల్పు కన్నా దూరం ముఖ్యం. మంఖాల్ నుంచి ఉస్మానియా ఆసుపత్రి సుమారు పాతిక కిలోమీటర్లు, నిమ్స్ ఇంకా దూరం. డయాలసిస్ ముగిసి నీరసించిన మనిషి బస్సు మారి ఇల్లు చేరాలి. బ్రిటన్‌లో 1970లో వచ్చిన దీర్ఘరోగుల, వికలాంగుల చట్టం ఇళ్లు కట్టే స్థానిక సంస్థలు ఈ ఇద్దరి ప్రత్యేక అవసరాలనూ దృష్టిలో పెట్టుకోవాలని విధించింది. అక్కడ ప్రభుత్వ ఇల్లు అద్దె ఇల్లు కనుక జబ్బు ముదిరితే మరో ఇంటికి మారమని అడగవచ్చు. ఇక్కడ ఇంటిని పట్టాగా ఇస్తారు, అమ్ముకోవడానికి వీల్లేదు, కాబట్టి లాటరీలో వచ్చిన చోటే జీవితాంతం సర్దుకోవాలి.

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం దారి మార్చింది. సొంత స్థలం ఉన్నవారు కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు కట్టుకుంటే 5 లక్షల రూపాయలను దశలవారీగా ఇస్తారు. వికలాంగులకు ప్రాధాన్యమిస్తామని కూడా ప్రకటించారు. తన ఇల్లు తానే కట్టించుకునే మనిషి గడప తీసేయవచ్చు, తలుపు వెడల్పు చేసుకోవచ్చు, మంచం పక్కనే మరుగుదొడ్డి పెట్టుకోవచ్చు. ఆ మేరకు ఇది పాత పథకాలన్నిటికన్నా మేలు. కానీ సర్వేలో దరఖాస్తుదారులను మూడు జాబితాలు చేసి, స్థలం ఉన్నవారిని ఎల్-1లో, స్థలమూ ఇల్లూ లేనివారిని ఎల్-2లో చేర్చి, మొదటి విడతను ఎల్-1కే ఇచ్చారు. గజం ధర కూలివాడికి అందని శంషాబాద్‌లో, అద్దె గదిలో ఉన్న వికలాంగుడి పేరు, డయాలసిస్ రోగి పేరు ఎల్-2లోనే ఉంటాయి. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలంటే వారు కొంగరకలాన్‌లోని జిల్లా కలెక్టరేట్ దాకా వెళ్లాలి.