ప్యారిస్ పొట్ట

మీలో యానాం వారెవరైనా ఉంటే నేను చెప్పబోయే మొదటి సంగతి మీకు తెలిసిందే. ఫ్రెంచి స్థావరాలు 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో కలిసినప్పుడు, ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచినవాళ్ళు ఆరు నెలల్లోగా ఆ సంగతి రాసి ఇవ్వవలసి వచ్చింది. అలా రాసి ఇచ్చినవాళ్ళలో మా మేనమామ ఒకరు. మరుసటి ఏడే ఆయన ప్యారిస్ చేరుకున్నారు. ఆ ఊళ్ళో ఆయన మనసుకు మొదట పట్టింది ఈఫిల్ టవరు కాదు, ఓ కూరగాయల మార్కెట్టు.

1995లో నేను తొలిసారి వెళ్ళినప్పుడు మామయ్యగారు నన్ను ముందుగా అక్కడికే తీసుకువెళ్ళారు. తీరా చూస్తే మార్కెట్టు లేదు. భూమిలోపలికి దిగే మెట్లు, అద్దాల దుకాణాలు, కింద రైళ్ళు. "ఇక్కడేరా అబ్బాయ్, ప్యారిస్ పొట్ట ఉండేది. కోసి అవతల పారేశారు" అన్నారు.

పొట్ట అన్న మాట ఆయన సొంతం కాదు. ఎమిలీ జోలా ఈ మార్కెట్టు మీద 1873లో వెలువరించిన నవల పేరులోనే ఆ మాట ఉంది. మార్కెట్టు పేరు లే ఆల్. దాని వయసు ఎంతనుకున్నారు? ఆరవ లూయీ రాజు 1137లో అప్పటి ఊరి వెలుపలి పొలాల్లో సంత పెట్టించాడు. రెండవ ఫిలిప్ రాజు 1183లో దానికి పైకప్పున్న సాలలు కట్టించాడు. ఊరు పెరిగి పెరిగి సంతను నడిబొడ్డున పెట్టుకుంది. ఏడు వందల ఏళ్ళు గడిచాక, మూడవ నెపోలియన్ కాలంలో, బల్తార్ అనే వాస్తుశిల్పి కొత్త భవనం మొదలుపెట్టాడు. తొలుత రాతితో కట్టాడు. అది కోటలా ఉందని జనం నవ్వారు, చక్రవర్తికీ నచ్చలేదు. పడగొట్టి, ఇనుమూ అద్దాలతో మళ్ళీ కట్టాడు. పెద్ద గొడుగులు వరసగా విప్పినట్టుండే ఆ మంటపాలు చివరికి పన్నెండయ్యాయి.

మామయ్యగారికి అప్పట్లో ఓ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. తెల్లవారుజామున దిగి, గదికి పోకుండా లే ఆల్‌కి వచ్చేవారట. ఆ వేళకి అక్కడ పట్టపగలే. కాలీఫ్లవర్లు గుట్టలు, చేపల బుట్టలు, వేలాడే మాంసం. పెద్ద పెద్ద టోపీలు పెట్టుకున్న హమాలీలు. వాళ్ళకి అక్కడ పని అంత తేలిగ్గా దొరికేది కాదు. రెండు వందల కిలోలు మోసుకుని అరవై మీటర్లు నడిచి చూపించాలి. మన వంద కిలోల బియ్యం బస్తాలు రెండన్నమాట! ఆ హమాలీలూ, రాత్రి నాటకాలు చూసి వచ్చే షోకు బాబులూ పక్కపక్కన కూర్చుని ఉల్లిపాయ సూప్ తాగేవారు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఉల్లిపాయలు సన్నని సెగ మీద ఎర్రగా వేగాలి, దానికి ఓపిక కావాలి. పైన నిన్నటి రొట్టె ముక్క, దాని మీద కరిగిన జున్ను. "చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆ గిన్నె పట్టుకుని నిలబడేవాణ్ణిరా. తాగడం తరవాత సంగతి" అనేవారాయన.

మరి ఎందుకు తీసేశారు? లారీలతో దారులు కిక్కిరిసిపోయాయి, చోటు చాలలేదు, ఎలుకలు చెప్పనక్కరలేదు. ఎలుకల మందు అమ్మే పాత దుకాణం ఒకటి అక్కడ ఉంది. లే ఆల్‌లో పట్టిన ఎలుకల్ని ఎండబెట్టి అద్దం వెనుక వేలాడదీశారు. నేనూ చూశాను, మీరు భోజనానికి ముందు చూడకండి. 1969 మార్చిలో మార్కెట్టు ఊరికి దక్షిణాన ఉన్న రాంజీస్‌కు తరలిపోయింది. మాంసం అంగళ్ళు మాత్రం 1973 దాకా ఆగాయి. పోనీ, మార్కెట్టు వెళ్ళినా ఆ ఇనుప మంటపాలు ఉంచవచ్చు కదా! ఎందరో మొరపెట్టుకున్నా 1971లో పడగొట్టడం మొదలుపెట్టారు. ఒక్కటి మాత్రం విప్పి తీసుకువెళ్ళి, నొజాన్ అనే శివారు ఊళ్ళో మళ్ళీ నిలబెట్టారు. ఊరి నడుమ పెద్ద గొయ్యి మిగిలింది. ఆ గోతిలో ఓ దర్శకుడు రెడ్ ఇండియన్ల యుద్ధం సినిమా తీశాడంటే ఎంత గొయ్యో ఊహించుకోండి.

రెండోసారి నేను వెళ్ళింది 2018లో. అప్పటికి మామయ్యగారు లేరు. లే ఆల్ మీద 2016లో పూర్తయిన పసుపుపచ్చని కొత్త కప్పు ఉంది. నాకది నచ్చలేదు. పక్కనున్న మోంతోర్గయ్ వీధిలో మాత్రం పాత వాసన పోలేదు. చేపలు, జున్నులు, 1730 నాటి స్తోరేర్ మిఠాయి దుకాణం. పదిహేనవ లూయీ పెళ్ళాడిన పోలండ్ రాకుమారి వెంట వచ్చిన వంటవాడు పెట్టిన దుకాణమది. రమ్ములో నానిన బాబా అక్కడ తిన్నాను, మన జిలేబీ పాకం అలవాటైన నోటికి అదేమీ కొత్త కాదు.

అక్కణ్ణించి లా షపెల్ పేటకు వెళ్ళాను. అరవైల్లో కరివేపాకు రెబ్బ కోసం మొహం వాచిపోయామని మామయ్యగారు చెప్పేవారు. ఎనభైల్లో శ్రీలంక యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన తమిళులు, ఉత్తర రైలు స్టేషను వెనకాల ఉన్న ఈ పేటలో దుకాణాలు పెట్టారు. అప్పటినుంచీ ఆయన శనివారం సంచి పట్టుకుని ఇక్కడికే. 1995లో నన్నూ వెంటబెట్టుకు వచ్చారు. పుదుచ్చేరిలో నేర్చిన తమిళంలో బేరమాడి, మునక్కాడలు విరిచి చూసి మరీ కొన్నారు. ఈసారి నేనూ ఓ కట్ట కొన్నాను, వండుకునే వీలు లేకపోయినా.

చివరికి సెంట్ యుస్టాష్ చర్చికి వెళ్ళాను. లే ఆల్‌ని ఆనుకునే ఉంటుంది. లోపల ఓ మూల రంగులు వేసిన శిల్పం ఉంది. రేమండ్ మేసన్ అనే ఆంగ్లేయుడు చేశాడు. 1969 ఫిబ్రవరి 28 రాత్రి, పళ్ళూ కూరగాయలూ మోసుకుంటూ మార్కెట్టు జనం వెళ్ళిపోతున్న దృశ్యం. మొదటిసారి వచ్చినప్పుడు మామయ్యగారు అందులో ఒక మనిషిని వేలితో చూపించి, "వీణ్ణి నేనెరుగుదునురా" అని నవ్వారు. ఆ మనిషి ఎవరో చూద్దామని చాలాసేపు నిలబడ్డాను. ముగ్గురు నలుగురు ఒకేలా కనిపించారు. చర్చి మూసే వేళయిందని కాపలావాడు వచ్చి చెప్పాడు.