నిజాం వెయ్యి పౌన్లు, ఊరకుక్క ఊపిరి

జూలై 6 వచ్చిందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పసుల దవాఖానల ముందు సందడే సందడి. గొలుసుతో లాక్కొచ్చిన లాబ్రడార్లు, చీరకొంగులో చుట్టుకొచ్చిన కూనలు, సంచిలోంచి తల బయటపెట్టిన పిల్లులు. ఆ రోజు రేబిస్ టీకా ఉచితం. 1885లో అదే తేదీన పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు మొదటి సూది వేయించాడు. దాని గుర్తుగానే ఈ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం. టీకా పడేది కుక్కకు, భయం తీరేది మనిషికి. నిజం చెప్పాలంటే, కుక్కకు అందిన అత్యవసర వైద్యం చరిత్రంతా ఈ తిరకాసు మీదే నడిచింది.

మొదలుపెడితే అశోకుడి దగ్గరే పెట్టాలి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో చెక్కించిన శాసనాల్లో, మనుషులకూ పశువులకూ వేర్వేరుగా చికిత్స ఏర్పాటు చేయించానని చెప్పుకున్నాడు. ఆ తర్వాత శాతవాహనులు వచ్చారు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో వాళ్ల నాణేలు దొరికాయి గానీ పశువైద్యుడి జాడ మిగల్లేదు. గుర్రానికి శాలిహోత్రుడి పేరిట, ఏనుగుకు పాలకాప్యుడి పేరిట శాస్త్రాలు పుట్టాయి. యుద్ధానికి పనికొచ్చే జంతువులు మరి! ఊరకుక్క వంతుకు వచ్చింది వంటింటి పసుపే. ఇలా ఇరవై శతాబ్దాలు గడిచాయి.

అప్పుడు హైదరాబాద్‌లో ఒక విచిత్రం జరిగింది.

జగిత్యాల, సిరిసిల్ల ఇంకా ఎలగందుల జిల్లాలో ఉన్న రోజులవి. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ మహా పట్టుదల మనిషి. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర నేర్చుకున్న పాఠం ఆయనకు వేదం: క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి మీదే కన్నుంచు. లండన్ పెద్దలు ఒప్పుకోలేదు. క్లోరోఫామ్ ఉన్నట్టుండి గుండెనే ఆపేస్తుందని వాళ్ల వాదన. తేల్చుకుందామని లారీ 1888లో ఒక కమిషన్ వేయించి, నగరంలోని ఊరకుక్కలకు క్లోరోఫామ్ పట్టించాడు. ముందు ఊపిరే ఆగింది, గుండె తర్వాతే ఆగింది. ‘లాన్సెట్’ పత్రిక పెదవి విరిచింది.

లారీకి రోషం వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇస్తుంది, మీ మనిషినే పంపి చూసుకోండి అని సవాలు విసిరాడు. 1889 అక్టోబరులో ‘లాన్సెట్’ తరఫున లాడర్ బ్రంటన్ దిగాడు. ఆయన లారీ పక్షం కాదు, గుండె పక్షం. డిసెంబరు దాకా ప్రయోగాలు సాగాయి. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, చివరికి గుర్రాలు కూడా. మొత్తం నాలుగు వందలు దాటాయి. రక్తపోటు గీతలు గీసే యంత్రాలు, వాటికి ఫొటోలు. హైదరాబాద్ వైద్యవిద్యార్థిని రూపాబాయి ఫర్దూన్జీ పేరూ ఈ కథతో ముడిపడి ఉంది. మత్తువైద్యంలో తొలి మహిళల్లో ఒకరిగా ఆమెను చెప్పుకుంటారు. చివరికి బ్రంటన్ మాట మార్చాడు. ప్రమాదం ఊపిరాడకపోవడంలోనూ మోతాదు మించడంలోనూ ఉందని, గుండెకు నేరుగా ముప్పు లేదని లండన్‌కు తంతి కొట్టాడు.

దక్కన్‌లో ఒక ఊరకుక్క ఊపిరి ఆగిందా లేదా అని గడియారం పట్టుకుని చూడటం, ఆగితే కృత్రిమ శ్వాస మొదలుపెట్టడం ఇంత పెద్ద ఎత్తున జరగడం బహుశా అదే మొదలు. బతికించింది కుక్క కోసం కాదన్నది వేరే మాట. చంపినవాటి లెక్క కూడా తక్కువేం కాదు. పైగా లారీ చెప్పింది సగమే నిజం. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, మత్తు పలచగా ఉన్నప్పుడు పిల్లుల గుండె అదురుకుని ఉన్నట్టుండి ఆగిపోగలదని చూపించాడు. అయినా ఆ మొండి సర్జన్ మీద కోపం రాదు. ఒక రాజ్యం ఖజానా ఊరకుక్క ఊపిరి మీద పందెం కాసిన సందర్భాలు చరిత్రలో ఎన్నుంటాయి?

ఇక ఆధునిక కాలంలో కథ ఒక దారిన నడవదు. కుక్క కరిస్తే మనిషికి బొడ్డు చుట్టూ వేసే పద్నాలుగు సూదుల భయం ఒక తరాన్ని ఏలింది. ఆ పాతరకం టీకాను మన దేశం 2004 చివర్లో గానీ వదల్లేదు. 1946లో హైదరాబాద్‌కు పశువైద్య కళాశాల వచ్చింది. ఆరు దశాబ్దాలకు కోరుట్లకూ వచ్చింది, ఇప్పుడు అది పి.వి. నరసింహారావు పేరిట ఉన్న విశ్వవిద్యాలయం కింద ఉంది. 2017 సెప్టెంబరులో 1962 నంబరుతో వంద గ్రామీణ నియోజకవర్గాలకు సంచార పశువైద్యశాలలు బయల్దేరాయి. అవి పుట్టింది రైతు వాకిట్లో ఈనలేక అవస్థ పడే బర్రె కోసం, కడుపుబ్బిన మేక కోసం. వేములవాడ రాజన్నకు కోడెలు మొక్కే సీమలో పశువంటే పసులే.

ఈలోగా ఇళ్లలోకి కుక్కలు వచ్చాయి, వాటితో పాటు వాటి ఆపదలూ. 1978లో లోకం మీదికి వచ్చిన పార్వో వైరస్, కూనలను వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోతుంది. సెలైన్ ఎంత తొందరగా ఎక్కిస్తే అంత ఆశ. కొన్నిరకాల పురుగుమందులు నాకితే అట్రోపిన్. పాము కరిస్తే మనుషులకిచ్చే విరుగుడే. అది తయారయ్యేది గుర్రం నెత్తురులోంచి. శాలిహోత్రుడి గుర్రం అలా కుక్క పనికొచ్చింది. రాత్రిపూట మాత్రం దవాఖాన తలుపు కన్నా డాక్టరు సెల్ నంబరే దిక్కు. అది ఎత్తకపోతే కరీంనగర్, అక్కడా కాకపోతే హైదరాబాద్. సిరిసిల్ల నుంచి దాదాపు 140 కిలోమీటర్లు, జగిత్యాల నుంచి ఇంకా ఎక్కువే.

ఫోను ఎత్తిన డాక్టరుకు కుక్క జాతితోనూ కొన్న ధరతోనూ పనిలేదు. ఏం తిన్నది, ఎంతసేపైంది, చిగుళ్లు తెల్లబడ్డాయా, ఊపిరి ఎలా తీస్తోంది అని అడుగుతాడు. ఇంట్లో తోచిన మందేదీ పొయ్యవద్దంటాడు. తిన్నదాని ప్యాకెట్టు దొరికితే పారెయ్యకుండా వెంట తెమ్మంటాడు.